అయిదేళ్ళ బిళ్ళ: రొమ్ము క్యాన్సర్‌కి వాడే హార్మోన్ మందులు ఎలా వేసుకోవాలి, దేనికి జాగ్రత్తపడాలి

ఆపరేషన్ అయింది, కీమో అయింది, కరెంటు (రేడియేషన్) పెట్టించుకోవడం కూడా అయిపోయింది. ఆఖరున డాక్టరుగారు చిన్న బిళ్ళ ఒకటి రాసి, రోజూ ఒకటి చొప్పున అయిదేళ్ళు వేసుకోమంటారు. అన్నాళ్ళూ సెలైన్లూ సూదులూ చూసిన ఇంట్లోవాళ్ళకి ఈ బిళ్ళ బలానికిచ్చే విటమిన్ మాత్రలా కనిపిస్తుంది. రెండేళ్ళు వేసుకుని, ఒంట్లో బాగానే ఉంది కదా అని మానేసేవాళ్ళు చాలామంది. అలా మానేయడం వల్ల జరిగే నష్టం పెద్దది. హార్మోన్‌తో పెరిగే క్యాన్సర్ తిరగబెట్టే ప్రమాదాన్ని బాగా తగ్గించేది ఈ బిళ్ళే.

రొమ్ము గడ్డల్లో చాలావాటికి ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ ఆహారం. 1896లోనే గ్లాస్గో సర్జన్ జార్జ్ బీట్సన్, అండాశయాలు తీసేస్తే ముదిరిన రొమ్ము క్యాన్సర్ తగ్గిందని రాశారు. ఇప్పుడు ఆ పని మందులు చేస్తున్నాయి, రెండు దారుల్లో. మొదటిది టామాక్సిఫెన్. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు ఆగగానే కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేస్తారు చూడండి, అదే పని. క్యాన్సర్ కణం మీద ఈస్ట్రోజెన్ కూర్చోవాల్సిన చోట ముందుగా ఇది కూర్చుంటుంది. రెండో దారి లెట్రోజోల్, అనస్ట్రోజోల్, ఎక్సెమెస్టేన్‌లది. ఇవి ఒంట్లో ఈస్ట్రోజెన్ తయారవకుండానే ఆపేస్తాయి. ఈ తేడా బాగా గుర్తుంటే లాభాలూ ఇబ్బందులూ ఎందుకు వేరువేరుగా ఉంటాయో దానంతటదే తెలుస్తుంది.

ముందు బయాప్సీ రిపోర్టు తీయండి

రిపోర్టులో ఈఆర్, పీఆర్ అనే రెండు వరుసలుంటాయి. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్లు కూర్చునే చోట్లు ఆ గడ్డ కణాల మీద ఉన్నాయా అన్నది ఇవి చెబుతాయి. ఈఆర్ 1 శాతం, అంతకు పైన ఉంటే పాజిటివ్ అంటారు. 1 నుంచి 10 శాతం మధ్య ఉంటే బిళ్ళ వల్ల లాభం అంత గట్టిగా ఉండదు కాబట్టి డాక్టరుతో విడిగా మాట్లాడాలి. కొన్ని ల్యాబులు శాతం బదులు 8కి ఇంత అని స్కోరు వేస్తాయి. రెండూ నెగటివ్ అయితే ఈ బిళ్ళలు ఆ క్యాన్సర్ మీద పనిచేయవు, పక్కింటావిడకి ఎంత బాగా పనిచేసినా సరే. రిపోర్టు కాగితంతోపాటు గడ్డ ముక్కని దాచిపెట్టిన మైనం బ్లాకు ఏ ల్యాబులో ఉందో కూడా రాసిపెట్టుకోండి. తర్వాత ఎప్పుడైనా మళ్ళీ పరీక్ష చేయాల్సి వస్తే అదే ఆధారం.

ముట్లు ఆగాయా, అండాశయాలు ఆగాయా: ఈ రెండూ ఒకటి కాదు

ఏ మందు ఇవ్వాలనేది దీనిమీదే ఆధారపడుతుంది. మన ప్రాంతంలో పొరపాటు ఎక్కువగా జరిగేదీ ఇక్కడే.

ముట్లు వస్తున్నవాళ్ళలో ఈస్ట్రోజెన్‌ని అండాశయాలు తయారుచేస్తాయి. ముట్లుడిగాక ఒంట్లోని కొవ్వులోనూ కండరాల్లోనూ అరోమటేజ్ అనే ఎంజైము కొద్దికొద్దిగా తయారుచేస్తుంది. లెట్రోజోల్ జాతి మందులు ఆపేది ఈ ఎంజైమునే, అందుకే వీటిని అరోమటేజ్ మందులంటారు. అండాశయాలు పనిచేస్తున్న స్త్రీకి లెట్రోజోల్ ఒక్కటే ఇస్తే, ఈస్ట్రోజెన్ తగ్గిందని మెదడు గ్రహించి అండాశయాలని ఇంకా గట్టిగా తరుముతుంది. సంతానం కోసం ఆస్పత్రులకి వెళ్ళేవాళ్ళకి అండం విడుదలయ్యేందుకు ఇచ్చేది ఈ లెట్రోజోలే. అంటే, చూసుకోకుండా ఇస్తే ఆపాల్సినదాన్ని మనమే రేపినట్టవుతుంది.

గర్భసంచి తీసేసే ఆపరేషన్లు దేశంలో ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. శ్రీకాకుళం, విజయనగరం నుంచి విశాఖకి వచ్చేవాళ్ళలో ముప్పై అయిదేళ్ళకే ఆ ఆపరేషన్ అయినవాళ్ళు ఉంటారు. "ముట్లు ఎప్పుడు ఆగాయమ్మా?" అని అడిగితే "పదేళ్ళయిందండి" అంటారు. అది నిజమే. కానీ గర్భసంచి తీసి అండాశయాలు వదిలేసి ఉంటే అవి ఇంకా పనిచేస్తూనే ఉండొచ్చు. అందుకే పాత డిశ్చార్జి కాగితం వెతికి తీసుకెళ్ళండి. అందులో గర్భసంచి ఒక్కటే తీశారా, రెండు అండాశయాలూ తీశారా అన్నది రాసి ఉంటుంది. కాగితం దొరక్కపోతే ఆ మాట డాక్టరుకి స్పష్టంగా చెప్పండి. స్కాన్‌లో అండాశయాలు కనిపిస్తాయి, అవి పనిచేస్తున్నాయో లేదో తెలియడానికి రక్తంలో ఎఫ్‌ఎస్‌హెచ్, ఎస్ట్రాడయోల్ అనే హార్మోన్ల పరీక్షలు చేస్తారు.

కీమోతో ముట్లు ఆగినవాళ్ళ సంగతీ ఇంతే. నలభై అయిదేళ్ళ లోపు వాళ్ళకి ఏడాది, రెండేళ్ళ తర్వాత కూడా అండాశయాలు మళ్ళీ మేలుకోవచ్చు. లెట్రోజోల్ మీద ఉన్నప్పుడు రక్తం కనిపించినా, రోజూ బాధించే వేడి ఆవిర్లు ఉన్నట్టుండి మాయమైనా సంతోషపడి ఊరుకోకండి. ఆ వారంలోనే డాక్టరుకి చెప్పండి.

మొత్తం మీద పద్ధతి ఇది. ముట్లు వస్తున్నవాళ్ళకి టామాక్సిఫెన్ 20 మిల్లీగ్రాములు, రోజుకొకటి. క్యాన్సర్ తిరగబెట్టే ప్రమాదం ఎక్కువుంటే అండాశయాలని నిద్రపుచ్చే సూది (గోసెరెలిన్ 3.6 మిల్లీగ్రాములు, 28 రోజులకొకసారి పొట్ట చర్మం కింద) ఇస్తూ, దాంతోపాటు టామాక్సిఫెన్‌గానీ అరోమటేజ్ మందుగానీ ఇస్తారు. ముట్లు నిజంగా ఉడిగినవాళ్ళకి లెట్రోజోల్ 2.5, అనస్ట్రోజోల్ 1, ఎక్సెమెస్టేన్ 25 మిల్లీగ్రాముల్లో ఏదో ఒకటి. ఎక్సెమెస్టేన్ అన్నం తిన్నాకే వేసుకోవాలి. మిగతావి ఎప్పుడైనా ఫరవాలేదు. మగవాళ్ళకి రొమ్ము క్యాన్సర్ వస్తే మామూలుగా ఇచ్చేది టామాక్సిఫెనే.

లాభం ఎంత?

ఈ మందు మీద రోగుల్లో జరిగిన పాత అధ్యయనాలన్నీ కలిపి లెక్క తీస్తే, ఈఆర్ పాజిటివ్ ఉండి బిళ్ళ వేసుకోనివాళ్ళలో 15 ఏళ్ళలో నూటికి సుమారు 46 మందికి క్యాన్సర్ తిరగబెట్టింది. అయిదేళ్ళు టామాక్సిఫెన్ వేసుకున్నవాళ్ళలో అది 33కి తగ్గింది. రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయినవాళ్ళు నూటికి 33 నుంచి 24కి తగ్గారు. బిళ్ళ ఆపేశాక కూడా ఏళ్ళ తరబడి ఆ రక్షణ కొంత మిగులుతుంది. ముట్లుడిగినవాళ్ళలో అరోమటేజ్ మందులు టామాక్సిఫెన్ కంటే ఇంకొంచెం మెరుగు. ఇవి మొత్తం మీద లెక్కలు. గడ్డ చిన్నదై, చంకలో గడ్డలు లేనివాళ్ళకి మొదటి నుంచీ ప్రమాదం తక్కువ కాబట్టి లాభం కూడా అంకెల్లో చిన్నదిగానే ఉంటుంది. "నా విషయంలో బిళ్ళ వేసుకుంటే నూటికి ఎంతమందికి మేలు?" అని డాక్టరుని నేరుగా అడగండి. అడగాల్సిన ప్రశ్న అదే.

టామాక్సిఫెన్: దేనికి భయపడాలి, దేనికి అక్కర్లేదు

వేడి ఆవిర్లు, చెమటలు, తెల్లబట్ట, ముట్లు అటూ ఇటూ అవడం మామూలే. విశాఖ ఉక్కపోతలో చెమట ఆరదు కాబట్టి ఆవిర్లు రెట్టింపు బాధ పెడతాయి. నూలు బట్టలు, పక్కన నీళ్ళ సీసా, రాత్రి తలగడ మీద తడి తువ్వాలు, కారం, వేడి టీ తగ్గించడం కొంత పనిచేస్తాయి. చాలకపోతే వెన్లాఫాక్సిన్‌లాంటి మందు తక్కువ మోతాదులో ఇస్తారు. ఇక్కడ ఒక గట్టి హెచ్చరిక. పారాక్సెటిన్, ఫ్లూయాక్సెటిన్ అనే దిగులు మందులు కాలేయంలో టామాక్సిఫెన్‌ని పనిచేసే రూపంలోకి మారనివ్వవు. బిళ్ళ వేసుకుంటున్నా దాని బలం తగ్గిపోవచ్చు. మనసు బాగోలేక వేరే డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు "టామాక్సిఫెన్ వాడుతున్నాను" అన్న మాట మొదట చెప్పాలి. రక్తం పలచబరిచే వార్ఫరిన్ వాడేవాళ్ళూ అంతే, ఆ రెండూ కలిస్తే రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది.

గర్భసంచి లోపలి పొర క్యాన్సర్ ఈ మందుతో పెరిగేమాట నిజం. ముట్లుడిగిన వయసువాళ్ళలో 15 ఏళ్ళలో నూటికి సుమారు 1 ఉండేది 4 దాకా వెళుతుంది. చిన్న వయసువాళ్ళలో ఆ పెరుగుదల దాదాపు లేదు. గర్భసంచి తీసేసినవాళ్ళకి ఈ భయమే లేదు. ఇది ముందుగా రక్తం రూపంలో కనిపిస్తుంది. ముట్లుడిగాక ఒక్క చుక్క కనిపించినా, గోధుమరంగు మరక కనిపించినా, నొప్పి లేదు కదా అని ఆగకూడదు. ఆ వారమే స్త్రీల డాక్టరుకి చూపించాలి. తొలిదశలో దొరికితే ఆపరేషన్‌తో ఎక్కువమందికి నయమవుతుంది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. ఏ లక్షణమూ లేకుండా ఏటేటా గర్భసంచి స్కాన్ తీయించుకోవద్దు. టామాక్సిఫెన్ వల్ల పొర కింద భాగం ఉబ్బి, స్కాన్‌లో పొర మందంగా కనిపిస్తుంది. అంకె చూసి భయపడి, అక్కర్లేని డీ అండ్ సీ (గర్భసంచి లోపలి పొర గీకి తీయడం), ఆపైన అక్కర్లేని గర్భసంచి ఆపరేషన్ దాకా వెళ్ళిపోతారు. రక్తం కనిపించకపోతే ఆ మందం ఒక్కటే ఆపరేషన్‌కి కారణం కాదు. ఎవరైనా తొందరపెడితే ముందు మీ క్యాన్సర్ డాక్టరుతో ఒకసారి మాట్లాడండి.

రక్తం గడ్డకట్టడం అరుదే కానీ ప్రాణం మీదికి తెస్తుంది. ఒక్క కాలి పిక్కే వాచి, నొక్కితే నొప్పి పుట్టి, వేడిగా అనిపిస్తే అదే రోజు ఆస్పత్రికి. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో పొడుపు, మూతి వంకరపోవడం, మాట తడబడటం వస్తే 108కి ఫోన్ చేయాలి, తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు. వైద్యానికి రైల్లో వేలూరో ముంబయో వెళ్ళేటప్పుడు రెండు గంటలకొకసారి లేచి బోగీలో అటూ ఇటూ నడవాలి. పెద్ద ఆపరేషన్ ఏదైనా ఉంటే ముందే చెప్పాలి, కొన్నాళ్ళు బిళ్ళ ఆపించవచ్చు. ఇదివరకు కాలిలోగానీ ఊపిరితిత్తిలోగానీ రక్తం గడ్డకట్టినవాళ్ళు ఆ సంగతి మందు మొదలుపెట్టక ముందే చెప్పి తీరాలి. చూపు మసకబారితే శుక్లాల పరీక్ష చేయించుకోవాలి.

ముట్లు సరిగా రావడం లేదని గర్భం రాదనుకోవద్దు. టామాక్సిఫెన్ మీద గర్భం వచ్చే అవకాశం ఉంది, వస్తే బిడ్డకి లోపాలు రావచ్చు. కండోమ్ గానీ కాపర్ టీ గానీ వాడాలి, గర్భనిరోధక బిళ్ళలు పనికిరావు. పిల్లలు కావాలనుకునే చిన్న వయసువాళ్ళు కనీసం ఏడాదిన్నర మందు వాడాక, డాక్టరు చెప్పిన గడువు ప్రకారం తాత్కాలికంగా ఆపి, కాన్పయ్యాక మళ్ళీ మొదలుపెట్టే పద్ధతి ఇప్పుడుంది. సొంతంగా ఆపడం వేరు, ఇది వేరు.

ఇంకొకటి. తిరుపతి ప్రయాణమనో, ఇంట్లో వ్రతమనో ముట్టు వాయిదా వేసే బిళ్ళలు మందులషాపులో అడిగి వేసుకుంటారు. అవి కూడా హార్మోన్లే. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళు వాటిని ముట్టుకోకూడదు.

లెట్రోజోల్ జాతి: ఎముకలూ కీళ్ళూ

చాలామందికి మొదటి రెండు మూడు నెలల్లోనే కీళ్ళు పట్టేయడం మొదలవుతుంది. పొద్దున్నే లేవగానే పిడికిలి ముడుచుకోదు, చపాతీ పిండి కలపలేరు, గాజులు ఎక్కించుకోలేరు, మెట్లు దిగుతుంటే మోకాళ్ళు పట్టేస్తాయి. కాసేపు కదిలాక సర్దుకుంటుంది. ఎక్కువమంది బిళ్ళ మానేసేది ఈ నొప్పి తట్టుకోలేకే. దీనికి బాగా పనిచేసేది కదలిక. రోజూ అరగంట నడక, వారానికి రెండుసార్లు తేలికపాటి బరువులతో వ్యాయామం. పొద్దున్న బీచ్ రోడ్డు మీద బండ్లు రాని వేళ నడవడానికి అంతకంటే మంచి చోటు లేదు. వేళ్ళకి గోరువెచ్చని నీళ్ళు, అవసరమైతే పారాసిటమాల్. అప్పటికీ తగ్గకపోతే డాక్టరు రెండు నుంచి నాలుగు వారాలు ఆపించి, అదే జాతిలో ఇంకో మందుకి మారుస్తారు. లెట్రోజోల్ పడనివాళ్ళకి ఎక్సెమెస్టేన్ పడటం మామూలే. అదీ కుదరకపోతే టామాక్సిఫెన్ ఎలాగూ ఉంది.

ఎముకల అరుగుదల నొప్పి పెట్టకుండా జరుగుతుంది. అందుకే మందు మొదలుపెట్టేటప్పుడే డెక్సా స్కాన్ (ఎముక గట్టిదనం కొలిచేది) తీయించి, ఏడాదికో రెండేళ్ళకో మళ్ళీ తీయించాలి. టీ స్కోరు మైనస్ 1 నుంచి మైనస్ 2.5 మధ్య ఉంటే ఎముక పలచబడిందని, మైనస్ 2.5గానీ అంతకు కిందగానీ ఉంటే గుల్లబారిందని అర్థం. అప్పుడు జోలెడ్రోనిక్ ఆసిడ్ 4 మిల్లీగ్రాములు ఆరునెలలకొకసారి సెలైన్‌లో ఎక్కిస్తారు. ఆ సూదికి ముందు పళ్ళ డాక్టరుకి చూపించి, తీయాల్సిన పన్ను ఉంటే తీయించేయాలి. సూది మొదలయ్యాక పన్ను తీస్తే దవడ ఎముక మానకుండా కుళ్ళే ప్రమాదం ఉంది. సూది వేసిన రోజు జ్వరం, ఒళ్ళునొప్పులు వస్తే కంగారొద్దు, ఒకటి రెండు రోజుల్లో పోతాయి.

కాల్షియం రోజుకి మొత్తం మీద 1000 నుంచి 1200 మిల్లీగ్రాములు కావాలి. చోడి (రాగి) అంబలి, చోడి రొట్టె, పాలు, పెరుగు, నువ్వులు, ముల్లుతో సహా తినే నెత్తళ్ళు మన ఇళ్ళల్లో ఉన్నవే. తక్కువైనంత మేరకే బిళ్ళ వేసుకోవాలి, 500 మిల్లీగ్రాములకి మించి ఒకేసారి వద్దు. థైరాయిడ్ బిళ్ళ వేసుకునేవాళ్ళు దానికీ కాల్షియానికీ నాలుగు గంటల ఎడం పెట్టాలి. విటమిన్ డి 60,000 యూనిట్లది వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలు రాస్తే, ఎనిమిది వారాలే. చీటీ పాతబడినా ఏళ్ళ తరబడి వారంవారం వేసుకుంటూ పోతే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మూత్రపిండాల ఇబ్బంది వస్తాయి. కొలెస్ట్రాల్ ఏడాదికొకసారి చూపించుకోవాలి.

యోని పొడిబారి సంసారం కష్టమవుతుంది. ఈ మాట డాక్టరు గదిలో ఎవరూ ఎత్తరు, చాలామంది దీనివల్లే బిళ్ళ ఆపేసి కారణం కూడా చెప్పరు. నీటితో చేసిన లూబ్రికెంట్లు, మాయిశ్చరైజర్లు వాడొచ్చు. ఈస్ట్రోజెన్ ఉన్న క్రీము మాత్రం క్యాన్సర్ డాక్టరు ఒప్పుకుంటేనే.

రోజూ వేసుకోవడంలో

రోజూ చేసే పని ఒకదానికి జత చేయండి. రాత్రి అన్నం తిన్నాకో, పొద్దున్న కాఫీ అయ్యాకో. బిళ్ళ వేసుకున్నాక గోడ క్యాలెండర్‌లో ఆ తేదీ మీద గీత పెట్టండి, వేసుకున్నామా లేదా అన్న సందేహం పోతుంది. ఒకరోజు మర్చిపోతే ఆ రోజే గుర్తొచ్చినప్పుడు వేసుకోవాలి. మర్నాడు గుర్తొస్తే మామూలుగా ఒకటే, రెండు కలిపి వద్దు. టామాక్సిఫెన్ ఒంట్లో రోజుల తరబడి నిలుస్తుంది కాబట్టి ఒక్క రోజుకి ప్రమాదం లేదు. నెలకి నాలుగైదు రోజులు పోతుంటేనే ఆలోచించాలి.

తీరం గాలి చెమ్మకి బిళ్ళలు పాడవుతాయి. రేకులోంచి తీసి డబ్బాలో పోయకండి, పొయ్యి పక్కనా ఫ్రిజ్ మీదా పెట్టకండి, ఎండ తగలని అలమారు చాలు. గోసెరెలిన్ సూది 25 డిగ్రీలు దాటకూడదు. షాపులో కొని ఆస్పత్రికి తీసుకెళ్ళేటప్పుడు, వేసవిలో ముఖ్యంగా, చల్లగా ఉంచే సంచీలో పట్టుకెళ్ళాలి. 28 రోజుల తేదీ ముందే రాసుకోండి. ఒక నెల సూది తప్పిపోతే అండాశయాలు మేలుకోవచ్చు.

పది బిళ్ళల రేకులు నెలకి మూడు. ఆఖరి రేకు విప్పిన రోజే తర్వాతి నెలవి తెచ్చుకోవాలి, ఇంకో పదిహేను రోజులవి అదనంగా ఇంట్లో ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు కరెంటూ దుకాణాలూ రోజుల తరబడి లేని సంగతి విశాఖకి తెలుసు. లెట్రోజోల్, టామాక్సిఫెన్ రెండూ దేశపు అత్యవసర మందుల జాబితాలో ఉన్నాయి, జనరిక్‌లో చవక. జన ఔషధి దుకాణాల్లో అడగండి. అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రిలోనో, కేజీహెచ్ (విశాఖ కింగ్ జార్జ్ ఆస్పత్రి)లోనో చూపించుకునేవాళ్ళు ఎన్టీఆర్ వైద్యసేవ కింద తమకి ఏ మందు, ఏ సూది వస్తుందో పథకం డెస్కు దగ్గర ముందే కనుక్కోవాలి. కంపెనీ పేరు మారితే కంగారొద్దు. మందు పేరూ మిల్లీగ్రాములూ పాత చీటీతో సరిపోల్చండి.

కూరలో పసుపు, ఇంట్లో తినే సోయా ఫరవాలేదు. పసుపు గుళికలు, సోయా గుళికలు, శతావరి, ముట్లుడిగాక బలానికని అమ్మే చూర్ణాలు అడగకుండా వాడొద్దు. కొన్ని హార్మోన్‌లా పనిచేస్తాయి, కొన్ని బిళ్ళ బలాన్ని తగ్గిస్తాయి.

వ్యాధి ఎముకలకో కాలేయానికో పాకినవాళ్ళకి లెట్రోజోల్ జాతి మందులతోపాటు పాల్బోసిక్లిబ్, రైబోసిక్లిబ్ లాంటివి కలుపుతారు, 21 రోజులు వేసుకుని 7 రోజులు ఆపే లెక్కలో. ఇవి తెల్లకణాలని తగ్గిస్తాయి కాబట్టి రక్తపరీక్ష తప్పించకూడదు, 100.4 ఫారెన్‌హీట్ జ్వరం దాటితే వెంటనే ఆస్పత్రికి. గ్రేప్‌ఫ్రూట్, ఆ జాతిదే అయిన పంపరపనస మానేయాలి. ఫుల్వెస్ట్రాంట్ అనే ఇంకో హార్మోన్ మందు అయితే సూది, ఒక్కో పిరుదుకి 250 చొప్పున 500 మిల్లీగ్రాములు. మొదటి నెలలో 1, 15, 29వ రోజుల్లో, ఆపైన నెలకొకసారి.

అయిదేళ్ళు నిండే ముందు

ఆఖరి రేకు అయిపోగానే ఆపేయకండి. నాలుగున్నరేళ్ళకే అపాయింట్‌మెంట్ తీసుకోండి. చంకలో గడ్డలు ఉన్నవాళ్ళకి లెట్రోజోల్ ఏడెనిమిదేళ్ళు, టామాక్సిఫెన్ పదేళ్ళు పొడిగించవచ్చు. పదేళ్ళు వేసుకుంటే తిరగబెట్టడం ఇంకా తగ్గుతుంది, గర్భసంచి క్యాన్సర్ ప్రమాదం మాత్రం దాదాపు రెట్టింపవుతుంది. కాబట్టి ఆ రోజు వెంట తీసుకెళ్ళాల్సినవి: మొదటి బయాప్సీ రిపోర్టు, ఆఖరి డెక్సా, గర్భసంచి ఉందో లేదో చెప్పే కాగితం, ఈ ఏళ్ళలో ఎన్ని నెలలు నిజంగా వేసుకున్నారో ఆ లెక్క. మధ్యలో ఆరునెలలు మానేసి ఉంటే అది కూడా చెప్పండి. మిగిలిన ఏళ్ళ లెక్క దాన్నిబట్టే మారుతుంది.